గిన్నెను బోర్లించి చూసేవాళ్లు

అమెరికాలో మేముండే ఊళ్లో చెక్క లేత్ పట్టేవాళ్ల క్లబ్బు ఒకటుంది. ఈ పని మీద బతికేవాళ్లు అందులో దాదాపు లేరు. రిటైరైన టీచర్లు, మెకానిక్కులు, ఒక పళ్ల డాక్టరు, నాలాంటి సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు కొందరు. నెలకోసారి సాయంత్రం పూట కలుస్తారు. కుర్చీలు సర్దకముందే గోడవారగా ఒక పొడవాటి బల్ల వేస్తారు. ఆ నెలలో ఎవరేం చేస్తే అది తెచ్చి దాని మీద పెట్టాలి. దశాబ్దాలుగా లేత్ ముందు నిలబడ్డ పెద్దాయన చేసిన పలచటి చెర్రీ గిన్నె పక్కనే, కొత్తగా చేరినవాడి మందపాటి గిన్నె కూర్చుంటుంది. చేసినవారి పేరు, కర్ర పేరు రాసిన చీటీలు తప్ప వాటి మధ్య హెచ్చుతగ్గులు చెప్పే గుర్తేదీ ఉండదు.

వచ్చినవాళ్లు గిన్నెను చేతిలోకి తీసుకుని ముందు బోర్లిస్తారు. పైన మెరుపు ఎవరైనా తెప్పించగలరు, గరుకు కాగితం, నూనె ఉంటే చాలు. పనితనం తెలిసేది అడుగున. కర్రను పట్టిన చక్ గుర్తులు ఇంకా ఉన్నాయా, పాదం కుదురుగా లోపలికి తిరిగిందా అని చూస్తారు. ఆ తర్వాత బొటనవేలు లోపల, చూపుడువేలు బయట పెట్టి అంచు నుంచి అడుగుదాకా జారుస్తారు. గోడ మందం ఎక్కడ మారిందో కళ్లకంటే ముందు వేళ్లకు తెలుస్తుంది. కొత్తవాళ్ల గిన్నెలు చాలావరకు కిందికి పోయేకొద్దీ మందమవుతాయి. ‘‘చిల్లు పడుతుందని భయపడి ఆపేశావు కదూ?’’ అంటారు. అందులో ఎగతాళి ఉండదు. ఆ భయం ఆ గదిలో అందరూ పడి వచ్చిందే.

నేను పెరిగిన చోట సగం వచ్చిన విద్యను నలుగురి ముందు పెట్టే అలవాటు లేదు. పాట నేర్చుకుంటే కచేరీ దాకా, చదువుకుంటే ర్యాంకు వచ్చేదాకా గుట్టుగా ఉంచేవాళ్లం. వయసు మళ్లుతుండగా కొత్త పని మొదలుపెడితే మరీ ఇబ్బంది. ‘‘మనకెందుకురా వడ్రంగం? అక్కడ చేసేవాళ్లే దొరకట్లేదా?’’ అని అమ్మ ఫోన్లో అడిగింది. ఎవరి పని వాళ్లదే అన్న లెక్కలో బతికిన మనిషి ఆమె. జవాబు చెప్పడం అంత సులువు కాలేదు. సంపాదన లేదు, అవసరమూ లేదు, మా ఇంట్లో ఎవరూ ఎరగని పని. మరి ఆ గదికి ఎందుకు వెళ్తున్నట్టు?

వీడియోలు చూసి నేర్చుకోవచ్చు కదా అంటారు. చాలామంది అలాగే మొదలుపెడతారు. కానీ లేత్ పనిలో కర్ర తిరుగుతుంది, ఉలిని మనం నిలబెట్టాలి. గిన్నె తొలిచే గాడి ఉలిని ముందు టూల్ రెస్ట్ మీద ఆనించాలి. తర్వాత ఉలి పదును వెనకుండే వాలును తిరిగే కర్రకు తాకించాలి. అప్పుడు పిడిని మెల్లగా ఎత్తుతూ పోతే ఒకచోట పొట్టు మొదలవుతుంది. వాలు ఆసరా తప్పి పదును ఒక్కటే కర్రకు దొరికిందో, ధడాలున గుచ్చుకుంటుంది. ఉలి ఎగురుతుంది, దిమ్మె చీలిపోవచ్చు. దీనికి ఇక్కడివాళ్లు క్యాచ్ అని పేరు పెట్టుకున్నారు. అది ఎందుకొస్తుందో ఏ పుస్తకంలో అయినా ఉంటుంది. ఎప్పుడు రాబోతోందో మాత్రం చేతికే తెలియాలి. మా పెద్దాయన వెనక నిలబడి ఉలి పిడి చివర తన అరచెయ్యి ఆనిస్తారు. మాట్లాడరు. పిడి ఎంత ఎత్తాలో, ఎక్కడ ఒళ్లంతా కదలాలో ఆ చెయ్యే చెబుతుంది. ఇది తెర మీద దొరకదు.

జాగ్రత్తలూ అంతే, ఒకరు చెబితేనే తలకెక్కుతాయి. దిమ్మె వెడల్పును అంగుళాల్లో కొలిచి, నిమిషానికి తిరిగే చుట్లతో గుణిస్తే ఆరు వేల నుంచి తొమ్మిది వేల మధ్య ఉండాలని ఒక లెక్క. అంటే పది అంగుళాల దిమ్మెకు 600 నుంచి 900 చుట్లు. బరువు ఒక పక్కకు ఒరిగిన దిమ్మె అయితే ఇంకా తక్కువతో మొదలుపెట్టాలి. ముఖానికి షీల్డు లేకుండా స్విచ్ వేయనివ్వరు. చేతి కడియం, మెడలో గొలుసు, పూజలో కట్టిన తోరం అన్నీ తీసి పక్కన పెట్టాల్సిందే. కర్ర దుమ్ము క్యాన్సర్ కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ పరిశోధన విభాగం తేల్చి చాలా ఏళ్లయింది, అందుకని మాస్కు.

ఇక కర్ర. కొనేవాళ్లు తక్కువ. గాలివానకు ఎవరి పెరట్లో మేపుల్ పడినా క్లబ్బుకు కబురొస్తుంది. 2002లో డెట్రాయిట్ దగ్గర బయటపడిన ఒక ఆకుపచ్చ పురుగు ఈ దేశంలో కోట్లాది యాష్ చెట్లను చంపింది. అలా కొట్టేసిన చెట్ల దుంగలు ఇప్పటికీ వస్తుంటాయి. పచ్చి కర్ర ఉలికి మెత్తగా లొంగుతుంది గానీ ఆరేటప్పుడు అన్ని దిక్కులా సమానంగా కుంచించుకోదు. గుండ్రంగా చేసిన గిన్నె కోలగా మారుతుంది. అందుకే పది అంగుళాల గిన్నెకు అంగుళం మందం ఉంచి, మైనం పూసి, నెలల తరబడి ఆరనిచ్చి మళ్లీ లేత్‌కు ఎక్కిస్తారు. ఈ ఓపికకు కూలి కట్టాలంటే ఏ గిన్నె ధరా సరిపోదు.

ఇంత ధారాళంగా చెప్పడం ఈ వృత్తిలో మొదటినుంచీ ఉన్నది కాదు. లండన్‌లో లేత్ పనివాళ్ల సంఘానికి 1604లోనే రాజుగారి చార్టర్ దక్కింది. సంఘాల కాలంలో పని రావాలంటే ఏళ్లకేళ్లు శిష్యరికం చేయాలి, బయటివాడికి ప్రవేశం లేదు. అమెరికాలో 1970లలో కొందరు వర్క్‌షాపులు పెట్టి అందరి ముందూ పనిచేసి చూపించడం మొదలుపెట్టారు. 1985లో టెనెసీ రాష్ట్రం గాట్లిన్‌బర్గ్‌లోని ఆరోమాంట్ స్కూల్లో జరిగిన సమావేశంలో ఒక జాతీయ సంఘం ఆలోచన పుట్టి, మరుసటి ఏడాది అమెరికన్ అసోసియేషన్ ఆఫ్ వుడ్‌టర్నర్స్ ఏర్పడింది. మొదటి అధ్యక్షుడు డేవిడ్ ఎల్స్‌వర్త్, చిన్న రంధ్రంలోంచి వంకీ ఉలి దూర్చి కుండలాంటి పాత్రను లోపలంతా తొలిచే పనిలో దిట్ట. ఆ కిటుకు దాచుకుని ఒక్కడే చేసుకుంటే పోయేది. ఆయన దాన్ని ఊరూరా నేర్పాడు. ఇవాళ ఆ సంఘానికి మూడు వందలకు పైగా స్థానిక క్లబ్బులున్నాయి.

ఇదంతా చూసి మురిసిపోయే ముందు ఏటికొప్పాక గుర్తుకు రావాలి. అనకాపల్లి జిల్లాలో వరాహ నది ఒడ్డున ఉన్న ఆ ఊళ్లో అంకుడు కర్రను లేత్ మీద తిప్పి, తిరుగుతున్న బొమ్మకు లక్క కడ్డీ ఆనిస్తారు. రాపిడి వేడికి లక్క కరిగి రంగు పట్టుకుంటుంది. మొగలి ఆకుతో రుద్దితే మెరుస్తుంది. మనం చిన్నప్పుడు ఆడుకున్న లక్కపిడతలు ఈ పనితనమే. అక్కడ చిల్లుపడ్డ గిన్నె అంటే ఆ పూట కూలి పోయినట్టు. బల్ల మీద పెట్టి నవ్వుకునే వెసులుబాటు వాళ్లకెక్కడిది? కర్ర పాడుచేసుకోగలగడం మా క్లబ్బువాళ్ల అసలు భాగ్యం. దాన్ని మా ఔదార్యమనుకుంటే అబద్ధమే.

అయినా అక్కడా బయటివాడు లోపలికి రావడం మేలే చేసింది. చింతలపాటి వెంకటపతి రాజు బొమ్మలు చేసే ఇంట్లో పుట్టినవారు కారు. విత్తనాలు, బెరళ్లు, వేళ్ల నుంచి తీసే రంగులను కళాకారులతో కలిసి మళ్లీ వాడుకలోకి తెచ్చారు. ఏటికొప్పాక బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు దక్కింది, ఆయనకు 2023లో పద్మశ్రీ వచ్చింది.

ఇక్కడ అమెరికాలో పేరున్న లేత్ కళాకారుల్లో చాలామందికి గిన్నెలు అమ్మడం కంటే పని నేర్పడం మీదే ఎక్కువ ఆదాయం. క్లబ్బులు చందాలు వేసుకుని వాళ్లను పిలిపిస్తాయి. నేర్చుకున్నవాళ్లు పోటీకి రారు, ఎందుకంటే ఆ స్థాయి తమకు అందదని మొదటి పూటే తెలిసిపోతుంది. అలా తెలిసినవాళ్లే ఆ కళాకారుల గిన్నెలు అడిగిన ధరకు కొంటారు. అమ్మకు ఇప్పుడు చెప్పగల జవాబూ ఇదే. నేను వడ్రంగిని కావడానికి వెళ్లడం లేదు, వడ్రంగి పనికి విలువ కట్టడం నేర్చుకుంటున్నాను.

ఏటికొప్పాక వెళ్లేవాళ్లకు నాదొక సలహా. బొమ్మలు కొనుక్కోండి, కానీ దాంతో ఆగకండి. ఒక గంట లేత్ దగ్గర కూర్చోబెట్టి ఉలి పట్టడం చూపించమని అడగండి. ఆ గంటకు పనివాడి కూలి, పాడయ్యే కర్ర ఖరీదు, నేర్పినందుకు గురుదక్షిణ మూడూ కలిపి ఇవ్వండి. ఆ గంట గడిచాక బొమ్మ ధర దగ్గర బేరమాడటానికి మీకే నోరు రాదు.