తరువాయి వచ్చే మోడల్లో

వారపత్రికల సీరియళ్ళు చదివి పెరిగినవాళ్ళం మనం. కథానాయిక తలుపు గొళ్ళెం మీద చెయ్యి వేసేసరికి "తరువాయి వచ్చేవారం" అని పడేది. ఆ రచయితలందరినీ తలదన్నేవాళ్ళు ఇప్పుడు బయలుదేరారు. లాప్‌టాప్‌లను పక్కపక్కన పెట్టి పోల్చి రాసే వ్యాసకర్తలు! నవ్వకండి, చదివేవాళ్ళు ఇంతమంది ఉన్నాక అదీ సాహిత్యమే. దానికీ ఓ విమర్శ ఉండొద్దూ?

మా ఆడపడుచు కూతురు డిగ్రీ చదువుతోంది. "అత్తయ్యా, ఈ పాతది ఇక మార్చాల్సిందే" అంటూ అలాంటి వ్యాసాలు పదో పన్నెండో నాకు పంపింది. చర్లలో వేసవి మధ్యాహ్నాలు ఎలాగూ గడప దాటనివ్వవు. సీరియల్ చదివినంత శ్రద్ధగా అన్నీ చదివాను.

మంచి చెప్పి మొదలుపెడతాను. బాటరీ ఎన్ని గంటలు వచ్చిందో స్వయంగా కొలిచి చెప్పేవాళ్ళున్నారు. తెర వెలుగు 250 నిట్లే అయితే వరండా ఎండలో అక్షరం కనబడదని నిర్మొహమాటంగా రాసేవాళ్ళున్నారు. అలాంటివాళ్ళకు దణ్ణం పెట్టాలి. కాని ముగింపు దగ్గరకొచ్చేసరికి అందరిదీ ఒకటే పాట: "ఇది బాగానే ఉంది. అయితే కొత్త తరం వస్తోంది, ఆగగలిగితే ఆగండి." చదివిన మనం కొనమూ, ఉన్నదానితో సుఖంగా ఉండమూ.

ఈ "ఆగండి" అనే మాటకు పెద్ద చరిత్రే ఉంది. 1981లో ఆడం ఆస్‌బర్న్ అనే ఆయన అమెరికాలో చేత్తో పట్టుకెళ్ళే కంప్యూటరు ఒకటి అమ్మకానికి పెట్టాడు. చేత్తో పట్టుకెళ్ళేదంటే సుమారు 11 కిలోలు సుమండీ! తెర 5 అంగుళాలు, ధర 1795 డాలర్లు. ఆయన మనకు బొత్తిగా పరాయివాడేం కాదు. తండ్రి ఆర్థర్ ఆస్‌బర్న్ రమణ మహర్షి భక్తుడు. ఆడం చిన్నతనం తిరువణ్ణామలైలోనే గడిచింది. సూరి నాగమ్మగారి లేఖల వల్ల మన ఇళ్ళల్లో ఎందరికో తెలిసిన ఆశ్రమమే అది. 1983లో, ఇంతకంటే మేలైనది రాబోతోందని ఆస్‌బర్న్ ముందుగానే చెప్పుకున్నాడు. కొనేవాళ్ళు చేతులు ముడుచుకుని కూర్చున్నారు. ఆ సెప్టెంబరులో కంపెనీ దివాలా తీసింది. కారణాలు వేరే కూడా ఉన్నాయనేవాళ్ళు లేకపోలేదుగాని, "ఆస్‌బర్న్ ఎఫెక్ట్" అనే పేరు మాత్రం నిలిచిపోయింది. ఆనాడు ఆ మాట అమ్మేవాడిని ముంచింది. ఈనాడు అదే మాట కొనేవాళ్ళకు నిద్ర లేకుండా చేస్తోంది.

తరం అన్నాను కదా, అది అలంకారం కాదు. ఇంటెల్ వారి చిప్పు పేరులోనే వంశవృక్షం ఉంటుంది: ఐ5-7200యు అంటే ఏడో తరం, ఐ5-1235యు అంటే పన్నెండో తరం. విండోస్ 11 గుమ్మం దగ్గర నిలబడి, "మీది ఎన్నో తరం?" అని అడుగుతుంది. ఇంటెల్ చిప్పుల్లో ఎనిమిదికి తక్కువైతే, ఏవో కొన్నింటిని తప్ప, లోపలికి రానివ్వదు. విండోస్ 10కి మామూలు మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. మా ఇంట్లోది ఏడో తరం. కాబట్టి అమ్మాయి కోరికలో న్యాయం లేకపోలేదు.

నా అసలు ఫిర్యాదు వేరు. అన్ని గడులున్న ఆ పట్టికల్లో చాలావాటికి ఒక్క గడి లేదు: మూత విప్పి, లోపలిది మార్చుకోవచ్చా? ర్యామ్ అంటే వంటింటి గట్టు అనుకోండి, ఎస్.ఎస్.డి. సామాన్ల గది. గది ఎంత పెద్దదైనా గట్టు ఇరుకైతే నాలుగు గిన్నెలు ఒకేసారి పెట్టుకోలేం. సన్నగా, నాజూగ్గా ఉండే మోడళ్ళలో చాలావాటికి ఆ ర్యామ్‌ను మదర్‌బోర్డుకే టంకం వేసేస్తున్నారు. కొన్ననాడు 8 జీబీ అయితే చివరిదాకా 8 జీబీయే. వ్యాసకర్త మాత్రం "ఎంత సన్నగా ఉందో!" అని మురిసిపోతాడు. పెళ్ళిచూపుల్లో అమ్మాయి నడుము చూసి మెచ్చుకునేవాళ్ళు ఆయనకంటే నయం.

హైదరాబాదులో ఉన్నవాళ్ళకు ఇది చిన్న విషయమేమో. చర్ల నుంచి భద్రాచలానికే 60 కిలోమీటర్లకు అటూ ఇటూ. అక్కడా పని కాకపోతే ఖమ్మం. ఇటు మిరప డబ్బు చేతికొస్తేనే పిల్లల చదువు సామాను కొనే ఇళ్ళు మా చుట్టూ ఉన్నాయి. అలాంటి ఇంట్లో లాప్‌టాప్ నాలుగేళ్ళు నడుస్తుందా, ఎనిమిదేళ్ళు నడుస్తుందా అన్నది సన్నదనం మీద తేలేది కాదు, ఆ టంకం మీద తేలేది. పైగా 2025 చివర్లో మెమరీ ధరలు మండిపోయాయి. "ఇప్పుడు 8తో సరిపెట్టుకుని తర్వాత పెంచుకుందాం" అనుకునేవాళ్ళకు ఖాళీ స్లాటే దిక్కు.

అందుకని అమ్మాయికి కాగితం మీద మూడే ప్రశ్నలు రాసిచ్చాను: ర్యామ్‌కు స్లాటు ఉందా, బాటరీ బయట దొరుకుతుందా, ఎస్.ఎస్.డి. మార్చొచ్చా? రంగు, సన్నదనం, కంపెనీ పేరు ఆ తర్వాత. పాతదానికి హార్డ్ డిస్కు తీసి ఎస్.ఎస్.డి. వేయించి, లినక్స్ పెట్టించాం. తెరుచుకోవడానికి కాఫీ కాచినంత సేపు పట్టేది, ఇప్పుడు పాలు గిన్నెలో పోసేలోగా తెరుచుకుంటోంది. అది నా వాటాకు వచ్చింది.