పంటు సరంగు, పంచర్ షాపు

ఈ కాలమ్ మొదటినుంచీ చదువుతున్నవాళ్లకి నా రెండు కోపాలూ తెలుసు. కోనసీమ అనగానే సినిమావాళ్లు కొబ్బరిచెట్టు చూపించడం ఒకటి. గోదావరి మనిషి నోట ప్రతి మాటకీ "ఆయ్" తగిలించి నవ్వించబోవడం రెండోది. ఈ వారం మొదటి కోపం మా అరుగు మీదికే వచ్చి కూర్చుంది.

మా ఐ.పోలవరం కుర్రాళ్లు ముగ్గురు షార్ట్ ఫిల్మ్ తీస్తున్నారు. ముగ్గురూ నా దగ్గర తెలుగు పాఠం చెప్పించుకున్నవాళ్లే. ఒకడు ఇంజినీరింగ్ అయి ఉద్యోగం కోసం చూస్తున్నాడు, ఒకడికి మురమళ్లలో సెల్ షాపు, మూడోవాడు రొయ్యల చెరువుల దగ్గర పని. ఆదివారం సాయంత్రం వచ్చి, అప్పటిదాకా తీసింది ఫోన్లో చూపించారు. మొదటి షాటు డ్రోన్‌ది, అద్దెకి తెచ్చారట. కింద గోదావరి, దాని మీద గీత గీసినట్టు బాలయోగి వారధి, ఇటు పచ్చగా తోటలు. అరనిమిషం సాగింది.

"ఎలా ఉంది మాస్టారూ?"

"కిందకి దిగండ్రా" అన్నాను. "ఆకాశంలో మనుషులుండరు. ముందు 'సాక్షి' చూసి రండి, తర్వాత మాట్లాడదాం."

'సాక్షి' గురించి ఇక్కడ ఇదివరకు రాశాను, మళ్లీ రాస్తాను. 1967లో వచ్చింది. బాపుగారికి మొదటి సినిమా. అప్పటికి ఆయన బొమ్మలు వేసే మనిషే గానీ ఏ దర్శకుడి దగ్గరా శిష్యరికం చేసినవాడు కాదు. ముళ్లపూడి వెంకటరమణగారు కథ రాశారు. ఇప్పుడు ఇండిపెండెంట్ సినిమా అంటున్నామే, ఆ మాట మనకి తెలియక ముందే వాళ్లా పని చేశారు. సినిమా అంటే మద్రాసు స్టూడియోలో వేసిన సెట్టింగే అనుకునే రోజుల్లో, సరంజామా మూట కట్టుకుని పులిదిండి వచ్చేశారు. ఆత్రేయపురం పక్కన, మన కోనసీమ ఊరే. ఆ వీధుల్లో, ఆ గుళ్లో, ఆ గట్ల మీదే సినిమా అంతా తీశారు. ఊళ్లోవాళ్లు కూడా తెర మీద కనిపిస్తారు. రంగులు లేవు, తెలుపూ నలుపే. కృష్ణ, విజయనిర్మల మొదటిసారి కలిసి నటించింది ఇందులోనే.

బల్లకట్టు నడుపుకునే ఒక అమాయకుడు హత్య చూస్తాడు. ఊరంతా భుజం తట్టి "చెప్పు, మేమున్నాం" అంటే కోర్టులో నిజం చెబుతాడు. శిక్షపడ్డవాడు పగబట్టి ఊరి మీదికి వస్తున్నాడనగానే ఆ ఊరే తలుపులు వేసుకుంటుంది. చంపడానికొచ్చేవాడి చెల్లెలే ఈ అమాయకుడి పక్కన నిలబడుతుంది. అంతే కథ. ఒంటరిగా మిగిలిపోయిన మనిషి కథ అమెరికా వాళ్లకీ ఉంది. 1952లో ఫ్రెడ్ జిన్నెమన్ తీసిన 'హై నూన్'లో గ్యారీ కూపర్ కూడా ఇలాగే తలుపు తలుపూ తిరుగుతాడు. అయితే అక్కడివాడి దగ్గర నక్షత్రం బిళ్ల ఉంది, తుపాకీ ఉంది. మనవాడి చేతిలో గెడ తప్ప ఏమీ లేదు. ఎదిరించడం వాడి ఉద్యోగం కాదు, వాడి ఉద్యోగం దాటించడం.

రమణగారు ఆ సాక్షిని బల్లకట్టువాణ్ని ఎందుకు చేశారో నాకు మా ఎదుర్లంక రేవే చెప్పింది.

వారధి రాకముందు మాకు యానాం వెళ్లాలంటే గౌతమి దాటాలి. దాటించేది పంటు. రెండు పెద్ద పడవల మీద బల్లలు పరిచి బిగించి, పక్కన లాంచీ కట్టేవాళ్లు. లారీ, ఎడ్లబండి, పెళ్లివారి కారు, గేదె, సైకిలు అన్నీ దాని మీదే. సముద్రం దగ్గర కదా, నది కూడా పోటూ పాటూ చూసుకునేది. పాటు వేళ నీరు లాగేస్తే ఇసుక తిన్నె తేలేది, నీరెక్కేదాకా రేవులో పడిగాపులే. మా నాన్నగారితో కాకినాడ వెళ్లిన ప్రతిసారీ ఆ గట్టు మీద గంటల తరబడి కూర్చున్నాను. చదువు తర్వాత నాకు మనుషుల గురించి తెలిసిందంటే ఆ గంటల్లోనే.

ఆ పంటు సరంగు నాకింకా కళ్లల్లో ఉన్నాడు. లుంగీ, భుజాన తువ్వాలు, కుడిచేతి బొటనవేలికి మోకు రాసి రాసి కాయ కాసిన గట్టి చర్మం. ఎవరితోనూ ఎక్కువ మాట్లాడేవాడు కాదు. కానీ ఆ రెండు గట్ల మధ్య ఆయనకి తెలియంది లేదు. ఆసుపత్రికి ఎవర్ని తీసుకెళ్లారో, వాళ్లని ఎలా వెనక్కి తెచ్చారో. ఏ ఇంటి పిల్ల పుట్టింటికి ఒంటరిగా పోతోందో. కోర్టు వాయిదాకి కలిసి వెళ్లిన అన్నదమ్ములు తిరిగొచ్చేటప్పుడు పంటుకి చెరో కొసనా ఎందుకు నిలబడ్డారో. ఒకసారి తెల్లవారుజామున సంచితో ఒక కుర్రాడు ఎక్కాడు. కాసేపటికి రేవులోకి వాడి తండ్రి రొప్పుతూ వచ్చి "మావోడు దాటాడా?" అని అడిగాడు. సరంగు నీళ్లకేసి చూస్తూ ఒక్క క్షణం ఆగి, "దాటాడండి, బాగానే ఉన్నాడు" అన్నాడు. ఆ తండ్రి అక్కడే కూలబడ్డాడు. ఆ ఒక్క క్షణం ఆగడంలో ఆయన ఎవరి పక్షం నిలవాలో తేల్చుకున్నాడని నాకు చాలా ఏళ్లకి అర్థమైంది.

రేవు దాటించేవాడు ఎవరి మనిషీ కాదు, అందరినీ చూసినవాడు. వాడు నోరు విప్పితే ఊరికి భయం, విప్పకపోతే వాడికి భయం. ఆ పనిలోంచే ఆ కథ పుట్టింది. బాపుగారు షాటు షాటుకీ బొమ్మ గీసుకుని కెమెరా దగ్గరికి వెళ్లే మనిషి. ఆ బొమ్మల్లో నది అందం కోసం రాదు, అది ఆ మనిషి పని చేసుకునే చోటు. అదే నా పట్టుదల కూడా. ఊరి పనిలోంచి కథ రావాలి, ఊరి మొహాలు తెర మీదికి రావాలి. 2018లో వెంకటేష్ మహా 'కేరాఫ్ కంచరపాలెం' తీసినప్పుడు నేను మూడుసార్లు చూశాను. విశాఖలో ఆ కంచరపాలెం జనాన్నే, అంతకుముందు కెమెరా ఎదుట నిలబడి ఎరగని ఎనభై మందికి పైగా మనుషుల్ని పెట్టి తీశాడు. నలభై తొమ్మిదేళ్లకి పెళ్లికాని అటెండరు రాజుగా సుబ్బారావుగారు తలవంచుకుని నడుస్తుంటే అది నటనో నడకో తెలియదు. నాలుగు ప్రేమకథలు విడివిడిగా చెబుతూ వచ్చి, అవన్నీ ఒకే మనిషి బతుకులో నాలుగు వయసులని ఆఖర్న విప్పుతాడు. ఆ రహస్యం అంతసేపు దాగిందంటే కారణం ఆ మొహాలే. తెలిసిన నటులైతే మన కన్ను ముందే జతలు కలిపేసేది.

ఇదంతా కుర్రాళ్లకి చెప్పడానికి సిద్ధంగా ఉన్నాను. గురువారం వచ్చారు. 'సాక్షి' చూశారట, బాగుందన్నారు. నేను మొదలుపెట్టేలోపే సెల్ షాపువాడు మెల్లిగా అన్నాడు.

"మీరు గోదారిని పంటు మీంచి చూశారు మాస్టారూ. మాకు ఊహ తెలిసేసరికే వారధి ఉంది. మేం ఎప్పుడు చూసినా పైనించే చూశాం."

నా దగ్గర మాట లేదు. వాళ్ల చేత నా సరంగుని వెతికించబోయాను. వాళ్లకి ఆ రేవు తెలియదు. ఎదుర్లంకలో పుట్టి లోక్‌సభ స్పీకరైన బాలయోగిగారి పేరు మీద వారధి లేచాక పంటు ఆగింది, ఆ గంటల నిరీక్షణ ఆగింది. ఇప్పుడు యానాం నాలుగు నిమిషాలు. నేను అందం కోసం పెట్టిన షాటనుకున్నది వాళ్లు రోజూ నిలబడే ఎత్తు.

"మరి చూసేవాడెవడ్రా మీ కథలో?" అన్నాను.

శుక్రవారం పొద్దున్నే తీసుకెళ్లి చూపించారు. వారధికి ఇటు కొసన పంచర్ షాపు. యానాం పుదుచ్చేరి కిందికి వస్తుంది కాబట్టి మందు చవక, సాయంత్రమైతే బళ్లు అటు పరిగెడతాయి. ఎవరు వెళ్లారో, ఎవరు తూలుతూ వచ్చారో, ఏ జంట ఆగకుండా వెళ్లిపోయిందో ఆ షాపాయనకి తెలుసు. వాళ్ల కథ ఆయనదే. నటించేదీ ఆయనే, ఒప్పుకున్నాడు. గాలి కొడుతూ నాతో మాట్లాడుతున్నాడు గానీ తల ఎత్తలేదు. వారధి జాయింటు మీద బండి ఎక్కినప్పుడల్లా టక్ టక్ మని రెండు దెబ్బలు. "ఇది లోడు లారీ అండి" అన్నాడు. తిరిగి చూస్తే లారీయే. "ఇది బైకు, ఇద్దరున్నారు." ఇద్దరే ఉన్నారు.

షాపుకి బోర్డు లేదు. ముందున్న కొబ్బరిచెట్టుకి మేకు కొట్టి పాత టైరు తగిలించాడు, అదే బోర్డు. కుర్రాడు ఫ్రేము పెడుతుంటే ఆ చెట్టు సరిగ్గా మధ్యలోకి వచ్చింది. వాడు నావైపు అనుమానంగా చూశాడు, పక్కకి జరపమంటానేమోనని.

ఉంచమన్నాను.

ఇంజినీరింగ్ చదివినవాడు జాయింటు కింద, గడ్డర్ మీద ఇంకో ఫోను పెట్టి చప్పుడు రికార్డు చేస్తున్నాడు. మమ్మల్ని మాట్లాడొద్దని చెయ్యి ఊపాడు. ముగ్గురం నిలబడి విన్నాం. పంచర్ షాపాయన ట్యూబు నీళ్ల తొట్టిలో ముంచి, ఒక్క వేలితో బుడగ ఎక్కణ్నించి వస్తోందో వెతుకుతున్నాడు.