నైపుణ్యమా, నిర్ణయమా? – శిక్షణ పద్ధతులపై విమర్శనాత్మక పరిశీలన

షాట్ కొట్టడం నేర్పితే ఆట ఆడటం దానంతటదే వస్తుందన్న నమ్మకం మన క్రీడా శిక్షణలో బలంగా ఉంది. ఈ నమ్మకం ఎంతవరకు నిలుస్తుందో ఈ భాగంలో పరిశీలిద్దాం.

1. పునరభ్యాస పద్ధతి

హైదరాబాద్ నుంచి చేవెళ్ల వెళ్లే దారిలో ఉన్న మొయినాబాద్‌లో గుత్తా జ్వాల బ్యాడ్మింటన్ అకాడమీ ఉంది. గచ్చిబౌలిలో పుల్లెల గోపీచంద్ అకాడమీ 2008 నుంచి పనిచేస్తోంది. బ్యాడ్మింటన్ శిక్షణలో ఎక్కడైనా కనిపించే అభ్యాసం ఒకటుంది: కోచ్ వరుసగా షటిళ్లు అందిస్తుంటే ఆటగాడు ఒకే షాట్‌ను పదేపదే కొడతాడు. దీనివల్ల మణికట్టు, అడుగుల కదలిక కుదురుతాయి. అయితే షటిల్ ఎక్కడికి వస్తుందో, దేన్ని కొట్టాలో ముందే తెలిసిపోతుంది. అంటే నిర్ణయం కోచ్‌దే, అమలు మాత్రమే ఆటగాడిది. మ్యాచ్‌లో ఈ లోపం బయటపడుతుంది. ర్యాలీ నడుస్తుండగా కోచ్ సలహా ఇవ్వకూడదు. 11 పాయింట్ల దగ్గర దొరికే విరామం 60 సెకన్లే.

2. ఆట ద్వారా బోధన

ఇంగ్లండ్‌లోని లఫ్‌బరోకు చెందిన డేవిడ్ బంకర్, రాడ్ థోర్ప్ 1982లో ఈ క్రమాన్ని తిరగేశారు. ముందు సరళీకరించిన ఆట ఆడించాలి, ‘ఇప్పుడేం చేయాలి?’ అని అడగాలి, ఆ తర్వాతే ‘ఎలా చేయాలి?’ అన్నది నేర్పాలి అన్నారు.

దీనికి ఖరీదైన కోర్టు అక్కర్లేదు. చేవెళ్ల మండలంలోని ఏ బడి ఆవరణలోనైనా గీతలు గీసి కబడ్డీ ఆడించవచ్చు. కూతకు వెళ్లినవాడికి ఉండేది 30 సెకన్లు. ఎదుట ఆరుగురు లేదా ఏడుగురు ఉంటేనే బోనస్ దొరుకుతుంది. ఐదుగురే ఉంటే దొరకదు. వరుసగా రెండు కూతలు ఖాళీగా పోతే మూడోదానిలో పాయింటు తేవాల్సిందే. ఎదుట ఐదుగురినే నిలిపి, మూడో కూతకు పంపి చూడండి. కాలు చాపడం ఒక్కటే నేర్చినవాడు తడబడతాడు. లెక్క తెలిసినవాడు ఎవరిని తాకాలో వెతుకుతాడు.

3. ఒక ఉదాహరణ, దాని పరిమితి

2017 ప్రపంచ ఛాంపియన్‌షిప్ ఫైనల్లో పి.వి. సింధు 110 నిమిషాలు పోరాడి నొజోమి ఒకుహారా చేతిలో 19-21, 22-20, 20-22తో ఓడింది. ఆ మ్యాచ్‌లో ఒక ర్యాలీ 73 షాట్ల దాకా సాగింది. 2019 ఫైనల్లో అదే ప్రత్యర్థిపై మొదటి నుంచీ దాడికి దిగి 21-7, 21-7తో గెలిచింది. షాట్లు కొత్తవి కావు. వాటిని ఎప్పుడు వాడాలన్నది మారింది. అయితే రెండు మ్యాచ్‌లను బట్టి ఘనతంతా వ్యూహానిదే అనడం తొందరపాటు. ఆనాటి ఇద్దరి ఫామ్, శరీర దారుఢ్యం కూడా లెక్కలోకి వస్తాయి. పైగా ఆ దాడిని నిలబెట్టింది ఏళ్ల తరబడి చేసిన పునరభ్యాసమే.

4. అంచనా

కాబట్టి పునరభ్యాసాన్ని తోసిపుచ్చనక్కర్లేదు. ఖాళీ మూల కనిపించినా షటిల్‌ను అక్కడికి పంపలేనివాడికి వ్యూహం వృథా. అలాగే, పంపగలిగినా ఆ ఖాళీని చూడలేనివాడికి నైపుణ్యం వృథా. తప్పు చేసిన ప్రతిసారీ ఆట ఆపి సమాధానం చెప్పే కోచ్ తన తెలివిని చూపుకుంటాడే తప్ప ఆటగాడి తెలివిని పెంచడు. రేపు వ్యాయామ ఉపాధ్యాయులయ్యే మీరు సమాధానానికి ముందు ప్రశ్న వేయడం అలవరచుకోవాలి.

అభ్యాసం: మీ ఊరి బడిలో జరిగే ఒక శిక్షణ తరగతిని గమనించండి. అందులో కోచ్ తీసుకున్న నిర్ణయాలెన్ని, పిల్లలు తీసుకున్నవెన్ని? పది వాక్యాల్లో సమీక్షించండి.