చివరిసారి కడిగిన నీళ్ళు

వెండి నానో రేణువులు కలిపిన నీళ్ళలో చేప పిండం చచ్చిపోయింది. చంపింది ఆ రేణువులేనా? వాటి తయారీలో వాడగా మిగిలిపోయిన రసాయనం కావచ్చు. రేణువులు ఒకదానికొకటి అంటుకుని గడ్డకట్టి, గుడ్డు పైపొర రంధ్రాలు పూడ్చేసి ఉండవచ్చు. నీళ్ళలోకి కరిగిన వెండి అయాన్ల పని కావచ్చు. ఇవేవీ కాక, గుడ్డే పనికిరానిదై ఉండవచ్చు. ఎంత కలిపితే ఎన్ని చచ్చాయో గ్రాఫు గీయడం కష్టం కాదు. ఇన్ని అనుమానాలు తీరాక మిగిలినదాన్ని గ్రాఫుగా గీయడానికే ఓపికా, చేతినేర్పూ కావాలి.

ఆ ఓపిక చూడాలంటే 2007లో ‘ఏసీఎస్ నానో’ పత్రికలో వచ్చిన ఒక పేపరు చదవాలి. అమెరికాలో వర్జీనియా రాష్ట్రంలోని నార్‌ఫోక్ పట్టణం, ఓల్డ్ డొమినియన్ యూనివర్సిటీలో నాన్సీ షూ బృందం చేసిన పని అది.

వాళ్ళు ఎంచుకున్నది జీబ్రా చేప. పుట్టిల్లు మన గంగ, బ్రహ్మపుత్రల వైపే. అక్వేరియం షాపుల్లో నీలి చారలతో చురుగ్గా తిరిగే చిన్న చేప. ఓరెగాన్ యూనివర్సిటీలో జార్జ్ స్ట్రైసింగర్ చేసిన కృషితో ఇది ప్రపంచమంతటా ల్యాబుల్లోకి చేరింది. తెల్లవారి వెలుగు పడగానే గుడ్లు పెడుతుంది, కాబట్టి ల్యాబులో లైటు వేసే వేళే దానికి తెల్లవారుజాము. గుడ్డు మిల్లీమీటరుకు కాస్త పైన ఉంటుంది. లోపల జరిగేదంతా బయటికి కనిపిస్తుంది. ముప్పావుగంటకు ఒక కణం రెండవుతుంది, ఆపైన దాదాపు పావుగంటకోసారి రెట్టింపవుతూ పోతుంది. మర్నాటికి గుండె కొట్టుకుంటుంది. మూడు రోజులు తిరిగేసరికి పిల్ల బయట పడుతుంది.

ఇక పనితనం సంగతి. మొదటి చిక్కు ఉప్పుతో వచ్చింది. నీళ్ళలో వెండి రేణువులు విడివిడిగా ఉండడానికి కారణం వాటి ఉపరితలం మీది విద్యుదావేశం; అందువల్ల ఒకదాన్నొకటి నెట్టుకుంటూ ఉంటాయి. నీళ్ళలో ఉప్పు పెరిగితే ఆ నెట్టుడు తగ్గి గడ్డకడతాయి. చేప పిండానికి మాత్రం ఎంతో కొంత ఉప్పు ఉండాలి. రెండిటికీ సరిపడేలా లీటరుకు 70 మిల్లీగ్రాముల ఉప్పు, అంటే 1.2 మిల్లీమోలార్, ఉన్న నీళ్ళు వాడారు. ఆ నీళ్ళలో రేణువులు 120 గంటల పాటు, అంటే ప్రయోగం ముగిసేదాకా, గడ్డకట్టలేదని ముందే చూసుకున్నారు. ఇది చేయకపోతే మొదటి రోజు పన్నెండు నానోమీటర్ల రేణువును పరీక్షిస్తూ, మూడో రోజుకు ఇంకేదో పెద్ద ముద్దను పరీక్షిస్తుంటాం, అదీ మనకు తెలియకుండానే.

రెండోది కడగడం. తయారైన రేణువుల్ని సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి, పైకి తేరిన నీటిని తీసేసి, మళ్ళీ శుభ్రమైన నీళ్ళలో కలిపారు. ఇంతవరకూ అందరూ చేసేదే. వీళ్ళు చివరిసారి కడగగా తేరిన నీళ్ళను పారబోయలేదు. వాటినీ కొన్ని పిండాలకు పెట్టి చూశారు. మిగిలిపోయిన రసాయనంలోనే విషం ఉంటే ఆ పిండాలూ వంకర పోవాలి. అవి మామూలుగానే పెరిగాయి. పేపరు మొత్తంలో నాకు బాగా నచ్చిన పని ఇది. ఖరీదైన పరికరమేమీ అక్కర్లేదు, పారబోసే నీళ్ళను సాక్ష్యానికి పిలవాలన్న బుద్ధి ఉంటే చాలు.

మూడోది చూడడం. మామూలు మైక్రోస్కోప్‌కు పన్నెండు నానోమీటర్ల వస్తువు అందదు. అందుకని డార్క్‌ఫీల్డ్ మైక్రోస్కోప్ వాడారు. పెంకుటింట్లో సందులోంచి పడే ఎండలో దుమ్ము మెరుస్తుంది కదా, అలాగే ఇందులో నేపథ్యం చీకటిగా ఉండి, వెలుగును చెదరగొట్టే రేణువు ఒక్కటే చుక్కలా మెరుస్తుంది. వెండికి ఇంకో గుణం ఉంది. రేణువు చిన్నదైతే చుక్క నీలంగా, పెద్దదయ్యేకొద్దీ ఆకుపచ్చగా, ఎర్రగా కనిపిస్తుంది. చుక్క ఆకారాన్ని బట్టి సైజు చెప్పలేకపోయినా, రంగును బట్టి చెప్పొచ్చు. కాబట్టి బతికున్న పిండంలో, రేణువును కదిలించకుండానే, దాని కొలత తీసుకోగలిగారు.

అలా చూస్తే ఏం కనిపించింది? గుడ్డు పైపొరలో అర మైక్రాను నుంచి 0.7 మైక్రాన్ల దాకా వెడల్పున్న రంధ్రాలున్నాయి. రేణువులు వాటిగుండా లోపలికి పోతున్నాయి. ఎవరూ లాగడం లేదు, తోయడం లేదు. వాటంతటవే అటూ ఇటూ తచ్చాడుతూ దూరుతున్నాయి. కొన్ని దారిలోనే ఇరుక్కుని రంధ్రాన్ని మూసేస్తున్నాయి. పొర దాటాక లోపలి ద్రవంలో అవి అలా తచ్చాడుతూ వ్యాపించే వేగం బయటి నీళ్ళలోకంటే 26 రెట్లు తక్కువ. ఒక్కో చుక్క జాడను వరుస ఫొటోల్లో పట్టి ఈ లెక్క తేల్చారు. మోతాదు పెరిగేకొద్దీ తోక వంకర, వెన్ను వంకర, గుండె వైకల్యం, పచ్చసొన సంచికి వాపు, చావులు ఎక్కువయ్యాయి. చచ్చిన పిండాల్లోనే కాదు, వంకర పోయినవాటిలోనూ, ఏ లోపమూ లేకుండా పెరిగినవాటిలోనూ రేణువులు కనిపించాయి.

లోటు లేదనను. మోతాదును రేణువుల సంఖ్య ఆధారంగా నానోమోలార్లలో చెప్పారు. లీటరుకు మిల్లీగ్రాముల్లో చెప్పే మిగతా పేపర్లతో పోల్చాలంటే కాగితం, పెన్ను పట్టుకోవాల్సిందే. అంతకంటే పెద్ద సంగతి, కడిగిన నీళ్ళు తయారీ మలినాల గురించి సాక్ష్యం చెప్పగలవు గానీ, పిండంలోకి వెళ్ళి కూర్చున్న రేణువు అక్కడ నిదానంగా కరిగితే ఏమవుతుందో చెప్పలేవు. మరుసటి ఏడాది సింగపూర్ నేషనల్ యూనివర్సిటీ వాళ్ళు వెండి అయాన్లను, రేణువుల మీద పూతగా వాడిన పిండిపదార్థాన్ని, ప్రొటీన్‌ను కూడా విడిగా పిండాలకు పెట్టి చూశారు. ఈ అనుమానం తీర్చే దిశలో అది ఒక అడుగు.

గుడ్డే పనికిరానిదేమో అన్న అనుమానం తేల్చడానికి 2013లో పలు దేశాల ఆర్థిక సహకార సంస్థ ఓఈసీడీ వారి 236వ నంబరు పరీక్షా పద్ధతి వచ్చింది. ఏ రసాయనమూ కలపని పిండాల్లో కనీసం నూటికి 90 బతకాలి. విషమని ముందే తెలిసిన డైక్లోరోఅనిలీన్‌ను లీటరుకు 4 మిల్లీగ్రాములు పెట్టినవాటిలో కనీసం నూటికి 30 చావాలి. ఈ రెండూ కుదరకపోతే ఆ పరీక్ష చెల్లదు.

నార్‌ఫోక్ బృందం 2009లో అదే సైజు బంగారు రేణువులతో మళ్ళీ కూర్చుంది. అవే రంధ్రాలు, అదే తచ్చాట, అవే 120 గంటలు. నూటికి 74 పిండాలు మామూలుగా పెరిగాయి, 24 చచ్చాయి, 2 వంకర పోయాయి. మోతాదు పెంచినా ఈ లెక్క మారలేదు. మోతాదుతోపాటు చావులూ పెరగాలన్న పుస్తకాల పాఠానికి ఇది ఒప్పదు. అయినా వాళ్ళు గీతను పైకి వంచే ప్రయత్నం చేయలేదు. రేణువు ఏ పిండంలో ఎక్కడికి చేరుతుందన్నది యాదృచ్ఛికమనీ, ఫలితమూ అలాగే ఉంటుందనీ రాసి, పేపరు శీర్షికలోనే ఆ మాట పెట్టారు.