గోలెం కూడా ఎండాలి

ఇంట్లో పూలమొక్కలు పెంచేవాళ్లకు మొదట అందే సలహా ఒకటే: కుండీ అడుగున చిల్లు ఉండాలి, నీళ్లు నిలవకూడదు. గులాబీకి, చామంతికి అది సరైన మాటే. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల చుట్టుపక్కల చెరువు శిఖాల్లో, పొలం ఒడ్ల మీద, కాలువ గట్ల వెంట తమంతట తామే పూసే కలువ, నీటిగొబ్బి, నీరుబ్రాహ్మి, పొన్నగంటి, గుంటగలగర లాంటివాటికి మాత్రం ఆ సలహా పనికిరాదు. వీటికి చిల్లు లేని పాత్ర, బరువైన మట్టి కావాలి. ఇంతవరకు చాలామంది ఒప్పుకుంటారు. ఒప్పుకోనిది రెండో సగం. ఆ పాత్ర ఏడాదిలో కొన్ని నెలలు ఎండాలి కూడా. నీటి పూలను పెంచడమంటే పన్నెండు నెలలూ నీళ్లు పోస్తూ కూర్చోవడం కాదు, చెరువు నడిచినట్టు గోలేన్ని నడపడం.

ఇక్కడి చెరువు ఏడాదంతా నిండుగా ఉండే సరస్సు కాదు. వానల్లో ఎక్కువ భాగం జూన్ నుంచి సెప్టెంబరు లోపే కురుస్తుంది. మంచి వానలు పడితే బతుకమ్మ నాటికి చెరువు మత్తడి దుంకుతుంది. యాసంగికి తూము తెరిచాక నీళ్లు తగ్గుతూ పోతాయి, ఎండలు ముదిరే నాటికి శిఖం పగుళ్లు తేలుతుంది. ఈ నిండటం, ఎండటం మధ్యనే ఈ మొక్కల బతుకు రూపు దిద్దుకుంది. ఆకులు మాడిపోయినా కలువ దుంప బురదలో ప్రాణం పట్టుకుని ఉంటుంది. నీటిగొబ్బి వెనక్కి తగ్గే నీటి వెంట బురదలో లేచి, ముళ్ల గుత్తుల నడుమ ఊదారంగు పూలు పూస్తుంది. దాని గింజ తడి తగలగానే జిగురు కట్టి మట్టిని పట్టుకుంటుంది. గట్టు మీది వెన్నదేవి ఇంకా గడుసుది. పైన నీలిపూలు పూస్తూనే, నేల కింద విచ్చుకోని పూలలోనూ గింజ కడుతుంది, పైన అంతా ఎండినా కింద విత్తనం మిగలాలని. తామర గింజ సంగతి సరేసరి. ఈశాన్య చైనాలో ఎండిన సరస్సు మట్టిలో దొరికిన, సుమారు 1,300 ఏళ్ల నాటి గింజ మొలకెత్తింది.

ఎండిపోవడాన్ని తట్టుకోవడం వేరు, ఎండిపోవడం అవసరం కావడం వేరు కదా అని అడగొచ్చు. న్యాయమైన ప్రశ్న. దీనికి జవాబు ఒక్కో మొక్కను విడిగా చూస్తే దొరకదు, పక్కన పోటీకి వచ్చేవాటిని చూడాలి. ఏడాదంతా నీళ్లు నిలిచి, పైగా ఊరి మురుగు కలిసే పట్టణ చెరువుల్లో గెలిచేది దక్షిణ అమెరికా నుంచి వచ్చిన గుర్రపుడెక్క, ఒడ్డున జమ్ము. వాటి నీడ కింద చిన్న గింజ మొలవదు. చెరువు ఎండితే గుర్రపుడెక్క చాలావరకు చస్తుంది, బురద బయటపడుతుంది, ఆ బురద మీద తొలకరికి చిన్నచిన్న మొలకలు లేస్తాయి. చెరువుల్లోకి చేరిన శ్రీరాంసాగర్ కాకతీయ కాలువ నీళ్లు రైతును గట్టెక్కించాయి, అందులో వాదన లేదు. అయితే ఎండాకాలంలోనూ నిండి ఉండే చెరువు రైతుకు వరమైనంత మాత్రాన శిఖం పూలకూ వరం కానక్కర్లేదు. 2015లో మొదలైన చెరువుల పునరుద్ధరణ పథకం మిషన్ కాకతీయలో తీసిన పూడిక మట్టిని పొలాలకు తోలుకున్నారు. పంటకు మేలే జరిగింది. మట్టితో పాటు ఎన్నో ఏళ్ల గింజలు, దుంపలు కూడా తరలిపోయి ఉంటాయని నా అనుమానం.

ఇంట్లో చేయాల్సిన పని చిన్నదే. పశువులు తగ్గి, కుడితి గోలేలు చాలా ఇళ్లలో ఖాళీగా ఉన్నాయి. అందులో జానెడు మందాన చెరువు మట్టి గానీ నల్లమట్టి గానీ వేయాలి. కొబ్బరి పొట్టు వద్దు, తేలిపోతుంది. పచ్చి పెండ వేస్తే నాచు కమ్మేస్తుంది. నీరుబ్రాహ్మికి, పొన్నగంటికి వేర్లు కూడా అక్కర్లేదు. కణుపులున్న తీగ ముక్కను బురదలో గుచ్చితే చాలు. కలువ దుంపకు మట్టి మీద మరో జానెడు నీళ్లు, సగం పూటైనా ఎండ కావాలి. నీలికలువ పగలు విచ్చుకుంటుంది, తెల్లకలువ పొద్దుగూకాక. పొద్దంతా బయట పనికి పోయేవాళ్లు తెల్లదాన్నే పెట్టుకోవడం మేలు. ఫిబ్రవరి దాటాక నీళ్లు పోయడం తగ్గించాలి. ఇక్కడ మాత్రం చెరువును అచ్చంగా అనుకరించకూడదు. చెరువు పైన పగిలినా లోపలి మట్టిలో తడి ఉంటుంది. 45 డిగ్రీల ఎండలో గోలెం మాత్రం అడుగు దాకా కాలిపోతుంది. అందుకే దుంప ఉన్న గోలేన్ని నీడకు జరిపి, తడి గోనెసంచి కప్పాలి. ఎండనివ్వాలి గానీ మాడనివ్వకూడదు.

దోమల మాట ఎత్తకుండా ఈ విషయం ముగియదు, ముగియకూడదు కూడా. డెంగీ దోమ గుడ్డు నుంచి రెక్కల దాకా రావడానికి వారం పది రోజులు చాలు. ఒడ్డు మొక్కలకు నీళ్లు మట్టిపైకి తేలకుండా, బురద మెరిసేంతవరకే పోస్తే ఈ బెడద దాదాపు ఉండదు. కలువ గోలెంలో చిన్న చేపలు వదలాల్సిందే. దోమ లార్వాలను తినే గంబూసియా అమెరికా చేప. గోలెంలో ఉంటే సరే, చెరువు దాకా పోనివ్వొద్దు. ఇక నా వాదనకే అడ్డొచ్చే సంగతి ఒకటుంది: ఆ దోమ గుడ్లు ఎండిన గోడను పట్టుకుని నెలల తరబడి బతుకుతాయి. కాబట్టి ఎండబెట్టి ఊరుకుంటే సరిపోదు, తొలకరికి ముందు గోలెం లోపలి గోడలను పీచుతో గట్టిగా తోమాలి.

ఇవన్నీ కలుపు మొక్కలే కదా అనేవాళ్లూ ఉన్నారు. పొలంలో కలుపే. పొలాస పరిశోధన కేంద్రం నుంచి వచ్చిన జగిత్యాల సన్నాలు వేసిన వరి మడిలో గుంటగలగరను పీకేసే రైతును తప్పుపట్టలేం. ఇంటికి ఈ మొక్కలు తెచ్చుకోవడానికి మాత్రం మందు కొట్టే మడి వదిలి చెరువు దగ్గరికే పోవాలి. అక్కడ చేపల హక్కు ఉన్న సంఘాన్ని అడిగి, గుంపులో నుంచి ఒక్క దుంప తీసుకుంటే చాలు. ఇంటికొచ్చాక దాన్ని బాగా కడగాలి, ఆకు చాటున గుర్రపుడెక్క పిల్ల ఒక్కటి దాగినా గోలెం దానిదే అవుతుంది.