వడ్లగింజంత డయోడ్

సిరిసిల్లలో కరెంటు పోతే మగ్గాల చప్పుడు ఒక్కసారిగా ఆగిపోతుంది. ఆ చీకట్లో వెలిగే బ్యాటరీ లైటు తయారుచేసే రిపేరు అన్నంటే నాకెంతో గౌరవం.

రెండు తెల్ల ఎల్‌ఈడీలను వరుసగా కలిపితే 6 వోల్టులు చాలు. బ్యాటరీ ఇచ్చేది 12, చార్జింగ్‌లో 14 దాకా ఎక్కుతుంది. 300 ఓముల రెసిస్టర్ పెడితే 20 మిల్లీఆంపియర్ల కరెంటు 27 దాకా పోతుంది, ఎల్‌ఈడీ ఆయుష్షు తగ్గుతుంది. అందుకే అన్న కరెంటును పట్టి ఉంచే డయోడ్ వేస్తాడు. లోపల ఉన్నది గేటునూ సోర్సునూ కలిపేసిన జేఫెట్ అనే ట్రాన్సిస్టర్. ఎక్కువైన వోల్టులను తనే మోసి వేడిగా వదిలేస్తుంది.

టంకం పెట్టేటప్పుడు డయోడ్ కాలిని పటకారుతో పట్టుకుంటాడు, వేడి లోపలికి పాకకుండా. ఈ ఓపికే జగిత్యాల, కోరుట్ల షాపుల్లోనూ చూశాను. మీటరులో అంకె కదలకుండా నిలిచాక అన్నాడు: “ఇగ బ్యాటరీ నిండినా భయం లేదు తమ్మీ.”