రెండో లెవెల్ కోతులు

ఈ వారం ఒక బటన్ నా ఒళ్ళు మండించింది. మా అక్క మనవడు పాత లయన్ కింగ్ గేమ్ ఆడుతున్నాడు. వాడిది సింహరాజు ముఫాసా అనగానే తెలుగు డబ్బింగ్‌లోని మహేశ్ బాబు గొంతు గుర్తొచ్చే తరం. గేమ్ మాత్రం 1994 నాటిది, 2019లో అల్లాద్దీన్ గేమ్‌తో కలిపి మళ్ళీ విడుదల చేశారు. రెండో లెవెల్‌లో సింహం పిల్ల సింబా కాలు జారి నీళ్ళలో పడ్డాడు. వీడు రివైండ్ నొక్కాడు. పడ్డవాడు పడ్డట్టే గాల్లోకి లేచి ఒడ్డుమీదికి వచ్చేశాడు! అదీ కష్టమనుకునేవాళ్ళ కోసం గేమ్ తనంతట తానే ఆడుకుపోయే ఏర్పాటు కూడా ఉందట. చూస్తూ కూర్చుని, బుద్ధి పుట్టినప్పుడు మనం అందుకోవచ్చు.

గైడ్లు బట్టీపట్టి పాసయ్యే చదువు మీద, ప్యాకెట్ అల్లంవెల్లుల్లి ముద్ద మీద నా గొడవ ఈ కాలమ్ చదివేవాళ్ళకి కంఠతా వచ్చు. ఈ రివైండ్ కూడా ఆ దొడ్డిదారుల జాబితాలోకే చేరాలి మరి.

ఎందుకంటే ఆ రెండో లెవెల్ మేం దాటిన తీరు వేరు. తొంభైల్లో తెనాలిలో కంప్యూటర్ నేర్చుకోవడమంటే ముందు చెప్పులు బయట విడవడం. ఏసీ గదిలోకి దుమ్ము రాకూడదు, గుళ్ళో ఉన్నంత భక్తిగా కూర్చోవాలి. డీబేస్, కోబాల్ చెప్పే మాస్టారు టీకి బయటికెళ్ళగానే, కలర్ మానిటర్ ఉన్న ఆ ఒక్క మిషన్ చుట్టూ జనం మూగేవారు. గేమ్ ఎవరు తెచ్చారో, ఏ ఫ్లాపీల్లో వచ్చిందో ఎవరూ అడగలేదు. స్పీకర్లు లేవు. సింబా గర్జిస్తే నోరు తెరుచుకోవడమే కనపడేది.

మొదటి లెవెల్ పచ్చిక మైదానం, ఎవరైనా ఆడేస్తారు. రెండోదే అసలు పరీక్ష. సినిమాలో తాను రాజునైతే ఎంత బాగుంటుందోనని సింబా పాడుకునే సంబరాల పాట ఉంది కదా, దాన్నే ఇక్కడ శిక్షగా మార్చారు. జిరాఫీల తలల మీద గెంతాలి. నిప్పుకోడి మీద స్వారీ చేస్తూ ఎక్కడ ఎగరాలో ఎక్కడ వంగాలో రెప్పపాటులో తేల్చుకోవాలి. ఆపైన కోతులు. ఒకటి సింబాని పట్టుకుని ఇంకోదానికి విసురుతుంది, అది మరోదానికి. కొన్ని గులాబీరంగు కోతులున్నాయి, వాటి ముందు గర్జిస్తే అటు తిరిగి విసిరేవి ఇటు తిరిగి విసురుతాయి. ఏ కోతిని ఎప్పుడు తిప్పాలో తెలియకపోతే మళ్ళీ మొదటికే. ఈ గర్జన సంగతి గేమ్ చెప్పదు. మా బ్యాచ్‌లో ఒకడు కనిపెట్టాడు, వారంపాటు ఎవరికీ చెప్పలేదు. వాడి వెనక నిలబడి వేళ్ళు ఏ కీ మీదికి పోతున్నాయో చూసి నేర్చుకున్నవాళ్ళమే అందరం. విద్య అంటే అదీ అని ఇన్నేళ్ళూ ఎక్కడ అవకాశం దొరికితే అక్కడ చెబుతూ వచ్చాను.

అయితే ఆ కోతుల్ని అక్కడ ఎందుకు పెట్టారన్నదానికి వేరే జవాబుంది. గేమ్ తయారుచేసింది లాస్ వేగస్‌లోని వెస్ట్‌వుడ్ స్టూడియోస్. దాని వ్యవస్థాపకుల్లో ఒకరైన లూయిస్ కాసిల్ తర్వాతి కాలంలో బయటపెట్టిన సంగతి ఇది: గేమ్ కష్టం పెంచమన్నది డిస్నీయేనట. అమెరికాలో అప్పుడు వీడియో క్యాసెట్లలాగే గేమ్ క్యాట్రిడ్జ్‌లూ అద్దెకిచ్చేవారు. కంప్యూటర్ సాఫ్ట్‌వేర్ అద్దెకివ్వడాన్ని 1990లో చట్టం చేసి ఆపారు గానీ, టీవీకి తగిలించి ఆడే క్యాట్రిడ్జ్‌లకి మినహాయింపు మిగిలిపోయింది. శనాదివారాలకి అద్దెకు తెచ్చుకున్న పిల్లవాడు సోమవారానికల్లా ఆట ముగించేస్తే, ఇక కొనేదెవరు? అందుకని దారి మొదట్లోనే అడ్డంగా కోతుల్ని కూర్చోబెట్టారు. మేం విద్య అనుకున్నది కౌంటర్ దగ్గర వేసిన లెక్క. తెనాలిలో అద్దే లేదు, కొనుగోలూ లేదు. అయినా ఆ సుంకం మేమూ కట్టాం.

అసలు పనితనం ఆ గేమ్‌లో ఎక్కడుందంటే బొమ్మల్లో ఉంది. అంతకు ముందటేడు, 1993లో, వర్జిన్ గేమ్స్ కంపెనీ వాళ్ళు సెగా మెషీన్ కోసం అల్లాద్దీన్ గేమ్ చేసినప్పుడే డిస్నీ యానిమేటర్లు కాగితం మీద పెన్సిల్‌తో గీసిస్తే వాటిని కంప్యూటర్‌లోకి ఎక్కించారు. లయన్ కింగ్‌కీ అదే పద్ధతి. ఆ మెషీన్ తెర మీద ఒకసారికి 64 రంగులకు మించి చూపించలేదు. రంగుల కరువు ఒక బాధైతే, వేళ్ళ తొందర ఇంకో బాధ. సినిమాలో పాత్ర ఎగిరే ముందు కాస్త వంగుతుంది, బలం కూడదీసుకుంటుంది. ప్రాణమంతా ఆ వంగడంలోనే ఉంటుందన్నది యానిమేటర్లకి మొదట్లోనే నేర్పే పాఠం. గేమ్‌లో దానికి వ్యవధి లేదు. బటన్ నొక్కిన క్షణానే ఎగరకపోతే ఆడేవాడు తిట్టుకుంటాడు. కాబట్టి ముందు చూపించాల్సిన బరువంతా తర్వాత చూపించాలి: గాల్లో ఒళ్ళు సాగడంలో, నేలకి దిగాక కుదురుకోవడంలో, బండ అంచు పట్టుకుని వేలాడే సింబా ఒళ్ళు పైకి లాక్కోవడంలో.

ఇవేవీ నాకు తెనాలిలో కనపడలేదు. ప్రాణభయంతో ఆడేవాడికి కోతి ఎటు తిరిగిందన్నదే లోకం. ఈ వారం రివైండ్‌తో ముందుకీ వెనక్కీ తిప్పుతూ చూస్తే గీత గీతా కనిపించింది. కాబట్టి రెండో లెవెల్‌లో ఆ బటన్ ఎంత వాడుకున్నా నాకు అభ్యంతరం లేదు. వ్యాపారం కట్టిన గోడకి దొడ్డిదారి పెడితే పాపమేమీ రాదు.

చివరి పోరు దగ్గర మాత్రం ఒప్పుకోను. అక్కడ విలన్ స్కార్‌ని పంజాతో ఎంతసేపు కొట్టినా చావడు. అలసిపోయేదాకా కొట్టి, సరిగ్గా కొండ అంచుకి తెచ్చి, ఎత్తి అవతలికి విసరాలి. అదీ గేమ్ చెప్పదు. కానీ సినిమా చెప్పింది. మీదికి దూకిన స్కార్‌ని సింబా కాళ్ళతో అంచు అవతలికి తన్నేయడం చూసినవాడికి ఆ ఊహ తట్టి తీరాలి. తట్టకపోతే రివైండ్ నొక్కి లాభం లేదు. వెళ్ళి సినిమా ఇంకోసారి చూడాలి. అదీ 1994 నాటి బొమ్మల సినిమాయే, మహేశ్ బాబు అభిమానులు క్షమించాలి.